జారు లిఫ్టు: నిదాన పద్ధతుల సమీక్ష

పత్తి చాళ్ల నడుమను, మిరప తోటలలోను, బత్తాయి చెట్ల కొమ్మల క్రిందను ఇమిడి తిరుగగల 15 మొదలు 30 అశ్వశక్తుల చిన్న ట్రాక్టరు మన రైతునకు ఎంత ఉపకారియో, దాని వెనుక నున్న లిఫ్టు చెడిననాడు అంత నిరుపయోగి. ఏలయన కల్టివేటరైనను, రోటావేటరైనను, మందు కొట్టు యంత్రమైనను ఆ లిఫ్టు రెండు చేతుల మీదనే ఆధారపడి యున్నవి. ఆ లిఫ్టును గూర్చి షెడ్డులలో వినవచ్చు ఫిర్యాదులు ముఖ్యముగా మూడు: ఎత్తుట లేదనునది ఒకటి, ఎత్తినది నిలుచుట లేదనునది రెండవది, ఆయిలు ఎక్కడికో పోవుచున్నదనునది మూడవది. ఈ మూడును వేర్వేరు కారణములను సూచించునవి. అయినను మూడింటికిని సాధారణముగా నడచుచున్న చికిత్స ఒక్కటియే: సీటు తీసి, లిఫ్టు కవరు విప్పి, సీళ్ల కిట్టు మార్చుట. కిట్టు మార్చిన పిదప లిఫ్టు బాగుపడినచో కారణము దొరకినట్లు భావింతురు. బాగుపడనిచో పంపు మార్తురు. విప్పుట నిదానము కాదనియు, విప్పుటకు ముందే కారు చోటును నిర్ణయింపగల సులభ పరీక్షలు కలవనియు, వానిని క్రమము తప్పక చేసినచో మన షెడ్డులలో వ్యర్థమగు శ్రమలోను ధనములోను చాల భాగము మిగులుననియు నా అభిప్రాయము. ఆ పరీక్షలలో ఏవి ఎంతవరకు నమ్మదగినవో విచారించుటయే ఈ వ్యాసమునకు విషయము.

ద్రవపీడన యంత్రము పుట్టిననాడే కారుట యను సమస్యయు పుట్టినది. ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1795లో తన నీటి ప్రెస్సునకు పేటెంటు పొందెను గాని, సిలిండరునకును దానిలో కదలు స్తంభమునకును నడుమనుండి నీరు చిమ్ముచుండుటచే అది చాలకాలము అక్కరకు రాకపోయెను. ఆయన కర్మాగారమున పనిచేయుచుండిన హెన్రీ మాడ్‌స్లే దోనె యాకారమున మడచిన తోలు పట్టీని అమర్చి, లోపలి ఒత్తిడియే ఆ తోలును గోడకు అదిమి పట్టునట్లు చేసినట్లు యంత్రచరిత్రకారులు వ్రాయుదురు. ఒత్తిడి పెరిగిన కొలదియు పట్టు పెరుగు ఈ సూత్రమే, డెన్మార్కులో పుట్టి అమెరికాలో స్థిరపడిన నీల్స్ క్రిస్టెన్సెన్ 1937లో దరఖాస్తు చేసి 1939లో పేటెంటు పొందిన ఓరింగునందును పనిచేయుచున్నది. నేడు మన చిన్న ట్రాక్టరు లిఫ్టు పిస్టనుమీద కూర్చుండు నల్లని రబ్బరు వలయము ఆ పరంపరకు చెందినదే. ఈ చరిత్రను ఇచట చెప్పుటకు ప్రయోజనము కలదు: తనంతట తాను బిగియు సీలు అరిగి గట్టిపడిన తరువాత, ఎక్కువ ఒత్తిడి క్రింద పట్టి నిలిచి, తక్కువ ఒత్తిడి క్రింద కారుటయు సంభవము. బరువు తీసినంతనే లోపము తొలగినదని అనుకొనుట ఇందువలన అన్నివేళల సరికాదు.

ట్రాక్టరు వెనుక మూడు లింకుల అమరికను, దానిని ద్రవపీడనముతో ఎత్తు విధానమును ఏకముచేసి వ్యవసాయమునకు ఇచ్చిన కీర్తి ఐర్లండు ఉత్తరభాగమున డౌన్ మండలమున 1884లో జన్మించిన హ్యారీ ఫెర్గూసనుకు చెందును. నాగలికి మట్టి ఇచ్చు ప్రతిఘటనను బట్టి లిఫ్టు తనంతట తాను సర్దుకొను డ్రాఫ్టు కంట్రోలునకు ఆయన 1925లో పేటెంటు కోరెను. 1938లో హెన్రీ ఫోర్డుతో చేయి కలిపి కుదుర్చుకొన్న ఒడంబడిక ఫలితముగా 1939లో ఫోర్డు 9ఎన్ వెలువడెను. యుద్ధానంతరము 1946 నుండి కావెంట్రీలో ఫెర్గూసను టీఈ 20 తయారయ్యెను. ఆ పాత యంత్రములందు పంపు వెనుక గేరుపెట్టెలోని ఆయిలులోనే మునిగి పీటీవో షాఫ్టుతో తిరుగుచుండెడిది గనుక, క్లచ్చి త్రొక్కినంతనే లిఫ్టు ఎత్తుట మానెడిది. నేటి చిన్న ట్రాక్టర్లలో పెక్కింట గేరు పంపు ఇంజనుకే తగిలించబడి యుండును. ఇంజను తిరుగుచున్నంతసేపును పంపు తిరుగును. ఈ భేదమును ఎరుగని మెకానిక్కు పాత యంత్రమున నేర్చిన గుర్తులను క్రొత్త యంత్రమునకు అన్వయించి పొరపడుటకు అవకాశము కలదు.

లోపలి నడక ఇట్టిది. గేరుపెట్టె అడుగున నిలిచిన ఆయిలు జల్లెడ గుండ వడిసి పీల్పు గొట్టమున పంపునకు పోయి, అచటినుండి కంట్రోల్ వాల్వునకు వచ్చును. లివరు మధ్యస్థముగా నున్నప్పుడు ఆ ఆయిలు నిరాటంకముగా తిరిగి పెట్టెలోనికే చేరును. లివరు ఎత్తినప్పుడు ఏకముఖపు వాల్వును త్రోసికొని సిలిండరులోనికి పోయి పిస్టనును నెట్టును. పిస్టను కడ్డీ అడ్డ షాఫ్టును త్రిప్పగా, దాని కొనలనున్న లిఫ్టు చేతులు లింకులను పైకి లాగును. కోరిన ఎత్తు చేరగానే, అడ్డ షాఫ్టు కదలికను వాల్వునకు తెలుపు చిన్న సంధాన కడ్డీ వాల్వును మూసివేయును. అటుపిమ్మట బరువును నిలుపునది పంపు కాదు. ఏకముఖపు వాల్వును, దిగుడు వాల్వును, పిస్టను సీలును మూసిపెట్టిన దోసెడు ఆయిలు. ఈ ఒక్క సంగతి మనసున నాటుకొన్నచో సగము నిదానము అప్పుడే అయినట్లు. ఎత్తుట పంపు పని, నిలుపుట మూతల పని. వేగముగా ఎత్తి, నిలుపలేకపోవు లిఫ్టునకు పంపు మార్చుట వలన ప్రయోజనము లేదు. చక్కగా నిలిపి, ఎత్తుటకే మొరాయించు లిఫ్టునకు పిస్టను సీలు మార్చుట వలనను ప్రయోజనము లేదు.

ఎంత ఆయిలు కారినచో ఎంత దిగునో లెక్క వేసి చూచుట మంచిది. ఉదాహరణకు సిలిండరు వ్యాసము 80 మిల్లీమీటర్లని అనుకొందము. పిస్టను ముఖవైశాల్యము సుమారు 50 చదరపు సెంటీమీటర్లగును. 150 బార్ల ఒత్తిడి క్రింద అది సుమారు 7,500 కిలోల బలమును పుట్టించును. లింకుల కొన 6 సెంటీమీటర్లు కదలుటకు పిస్టను 1 సెంటీమీటరు కదలు అమరిక యైనచో, లింకు కొన 6 సెంటీమీటర్లు దిగుటకు కారవలసినది కేవలము 50 ఘన సెంటీమీటర్ల ఆయిలు, అనగా చిన్న టీ గ్లాసునకు సగము. అది అరగంటలో కారినచో నిమిషమునకు రెండు ఘన సెంటీమీటర్లు కూడ కాదు. ఇంత స్వల్ప ధారను గ్రుడ్డి ఊహతో కనుగొనబూనుట సాహసము. మఱియు సన్నని సందు గుండ కారు ఆయిలు పరిమాణము ఆ సందు మందముయొక్క ఘనమును బట్టి పెరుగును: సందు రెండింతలైనచో కారుడు ఎనిమిదింతలగును. అందుచేతనే నేటివరకు బాగుగా నున్న లిఫ్టు రేపటికి ఒక్కసారిగా చెడినట్లు తోచును. నిజమునకు అరుగుదల మెల్లగానే సాగినది, ఫలితము మాత్రము త్వరగా కనబడినది.

ఇక ఆయిలు వేడి. ట్రాక్టరు గేర్లకును, తడి బ్రేకులకును, లిఫ్టునకును ఉమ్మడిగా వాడు ఆయిలు 40 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద సుమారు 60 సెంటీస్టోకుల చిక్కదనము కలదైనచో, 100 డిగ్రీల వద్ద 9, 10 సెంటీస్టోకులకు పలుచబడును. పలుచబడిన కొలదియు కారుడు హెచ్చును. ఉదయమున చక్కగా నిలిచిన కల్టివేటరు మిట్టమధ్యాహ్నము గట్టు మలుపులో దిగిపోవుట వింత కాదు. అది లోపలి కారుడునకు ప్రబల సాక్ష్యము. ఇందుకు విరుద్ధముగా, చల్లగా నున్నప్పుడు మందగించి వేడెక్కిన పిదప చురుకగు లిఫ్టునందు మూసికొనిపోయిన జల్లెడనో, మితిమీరి చిక్కనైన ఆయిలునో అనుమానింపవలెను. రెండు గుర్తులను తారుమారు చేసికొన్న మెకానిక్కు వెదకవలసిన కొసను వదలి రెండవ కొసను విప్పును.

పరీక్షలకు పూనుకొనక ముందు, కారుడు కానిదానిని కారుడని భ్రమింపకుండ జాగ్రత్త పడవలెను. డ్రాఫ్టు లివరు పనిలో నున్నప్పుడు మట్టి బిగువును బట్టి చేతులు పైకి క్రిందికి ఆడుట దాని ధర్మము. రోటావేటరు తగిలించినప్పుడు ఆ లివరును వాడని స్థానమునకు జరిపి, ఎత్తును నిర్ణయించు పొజిషన్ లివరుతోనే నడుపవలెను. ఆయిలు మట్టమును గడకమ్మితో చూచుట అందరికి తెలిసినదే గాని, ఎత్తు ట్రాలీకి ఆయిలు ఇచ్చి వచ్చిన ట్రాక్టరు తన ఆయిలులో కొంత ట్రాలీ సిలిండరులోనే వదలి వచ్చిన సంగతిని పలువురు మరతురు. పైగా ఒకే ట్రాలీని పలు ట్రాక్టర్లకు తగిలించినప్పుడు ఒకదాని మురికి ఆయిలు మఱియొకదానిలో చేరును. ఎత్తుబలమును గూర్చియు మనలో తప్పు అంచనాలు కలవు. కంపెనీలు చెప్పు 500 లేక 750 కిలోల సంఖ్య దిగువ లింకుల కొన వద్ద చెప్పినదైనచో, అంతే బరువును ఇంకను వెనుకకు జరిపినప్పుడు లిఫ్టు ఎత్తజాలదు. పరీక్షాలయములు 610 మిల్లీమీటర్ల వెనుక కూడ వేరుగా కొలుచుట ఈ కారణముచేతనే. తన శక్తికి మించిన రోటావేటరును ఎత్తలేని చిన్న ట్రాక్టరు రోగి కాదు.

బయటికి కారు ఆయిలు నిదానము సులువనిపించును గాని, అది కనబడిన చోటునే పుట్టినదని నమ్మరాదు. అడ్డ షాఫ్టు చివరల సీలునుండి వచ్చినది క్రిందికి ప్రాకి పీటీవో సీలు వద్ద బొట్లు బొట్లుగా రాలును. మెకానిక్కు పీటీవో సీలు మార్చును, మరునాడు బొట్టు మరల అక్కడనే వ్రేలాడును. వెనుక భాగమంతయు డీజిలుతోను తరువాత సబ్బునీటితోను కడిగి, గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, అనుమానమున్న అతుకులపై పొడి ముగ్గుపిండినో ముఖమున పూయు పౌడరునో పలుచగా చల్లి, లిఫ్టును బరువుతో కొంతసేపు ఆడించి చూచినచో, తొలి తడి మచ్చ ఎచట తేలునో అదియే జన్మస్థానము. ఇంత చవుకయు ఇంత నిశ్చయమును గల పరీక్ష ఇంకొకటి నాకు తెలియదు. ఒక్క హెచ్చరిక: ఒత్తిడి గల గొట్టమున సూదిమొనంత రంధ్రము పడినప్పుడు వెలువడు ఆయిలు పొగవలె కనబడును, దానిని చేతితో తడిమి వెదకరాదు. ఆ ధార చర్మమును చీల్చుకొని లోనికి పోవును. పైకి చిన్న గాటుగానే కనబడినను లోపలి కండ చచ్చును. కొన్ని గంటలలోనే శస్త్రచికిత్స జరుగనిచో వ్రేలు లేక చేయి పోవు ప్రమాదము కలదు. అట్టచెక్కను దూరమునుండి అడ్డుపెట్టి తడి పడు చోటును చూడవలెను. అటులనే, గొట్టమును గాని వాల్వును గాని విప్పుటకు ముందు పనిముట్టును నేలకు దింపి, లివరును ఒకటి రెండుసార్లు అటునిటు ఆడించి మిగిలిన ఒత్తిడిని వదలవలెను. ఎత్తిన పనిముట్టు క్రింద, కేవలము లిఫ్టును నమ్మి, ఏ మనుష్యుడును దూరరాదు.

నేలపై చుక్క యైనను పడకుండ ఆయిలు తగ్గుచుండుట మూడవ ఫిర్యాదులోని మర్మము. గేరు పంపు ఇంజను టైమింగు గేర్లకు తగిలించబడిన నమూనాలలో పంపు షాఫ్టు సీలు చినిగినచో, హైడ్రాలిక్ ఆయిలు ఇంజనులోనికి పోవును. వెనుక గడకమ్మి మట్టము తగ్గుచు, ఇంజను గడకమ్మి మట్టము పెరుగుచున్నచో వేరు పరీక్ష అక్కరలేదు. ఇంజను ఆయిలు పెరుగుట చూచి సంతోషించి మార్పు వాయిదా వేసిన రైతు, పలుచబడి చెడిన ఆయిలుతో బేరింగులను కోల్పోవును. గడకమ్ములు రెండును ఒకే ఉదయమున చూచి వ్రాసికొను అలవాటు దీనికి ఏకైక రక్ష.

లోపలికి కారుట అనునది ఒకటి కలదు. అది ఆయిలు కారుట కాదు, గాలి కారుట. పీల్పు గొట్టపు అతుకు వదులైనచో ఆయిలు బయటికి రాక గాలి లోనికి పోవును; పంపు కూయును, లిఫ్టు జెర్కులతో ఎగయును, ఆయిలు నురుగెత్తి పాలవన్నె దాల్చును. నీరు కలిసినప్పుడును పాలవన్నెయే కలుగును గనుక రెండింటిని వేరుచేయుటకు ఆయిలును గాజుసీసాలో పోసి కదల్పక ఉంచవలెను: గాలి నురుగు కొంతసేపటికి తేలిపోయి ఆయిలు స్వచ్ఛమగును, నీటి తెలుపు నిలిచియుండును. గాలి పోవు అతుకును పట్టుటకు, ఇంజను తిరుగుచుండగా ఒక్కొక్క అతుకుమీద గ్రీజు దట్టముగా పూయుచు పంపు కూత మారునేమో వినవలెను. ఏ అతుకు వద్ద కూత తగ్గునో అచట దోషము. పంపు అరిగెనని తీర్పు చెప్పుటకు ముందు ఈ పరీక్షయు జల్లెడ శుభ్రముచేయుటయు జరుగని షెడ్డులో పంపు మార్చుటకు రైతు ఒప్పుకొనరాదు.

ఇప్పుడు ముఖ్యమైన ఘట్టము, ఎత్తినది నిలుచుట లేదను ఫిర్యాదు. దీనికి మూలపరీక్ష దిగుడు కొలత. మధ్యప్రదేశములోని బుద్నీలో 1955లో స్థాపితమైన కేంద్ర వ్యవసాయ యంత్ర శిక్షణ పరీక్షా సంస్థలో ట్రాక్టర్లకు చేయు పరీక్షలలో ఇదియు ఒకటి: ఆయిలును సుమారు 65 డిగ్రీలకు వేడిచేసి, బరువును ఎత్తి, ప్రతి 5 నిమిషములకును లింకు ఎంత దిగెనో 30 నిమిషముల వరకు మిల్లీమీటర్లలో గుర్తింతురు. ఇందులోని వివేకము గమనింపదగినది. బరువు తెలిసినది, వేడి తెలిసినది, కాలము తెలిసినది. ఈ మూడును స్థిరముగా నున్నప్పుడే నాల్గవదగు దిగుడునకు అర్థము కలుగును. ఈ పరీక్షనే రైతు తన పెరటిలో చేయవచ్చును. ఒక పూట పని చేసి వచ్చి ఆయిలు వేడిగా నున్నప్పుడే, నిత్యము వాడు పనిముట్టును పూర్తిగా ఎత్తి, ఇంజను ఆపి, లింకు కొననుండి నేలవరకు టేపుతో కొలిచి, 5 నిమిషములకొక తడవ గోడమీద సుద్దతో వ్రాసికొన్నచో చాలును. దిగుడు మొదట వేగముగా ఉండి తరువాత తగ్గిపోయినచో, అది కొంత ఎత్తులోనే సిలిండరు గోడ గీతలు పడినందుకు గుర్తు కావచ్చును. మొదటినుండి చివరివరకు సమముగా సాగినచో సీలునో వాల్వునో వెదకవలెను. ఒక్కనాటి కొలత కంటె, అదే పనిముట్టుతో నెలకొకతూరి తీసిన కొలతల వరుస విలువైనది.

కారుడు కలదని తేలిన పిదప, అది సిలిండరు వైపుదా, వాల్వు వైపుదా అను ప్రశ్న మిగులును. జపాను పద్ధతిన తయారైన చిన్న ట్రాక్టర్లలో చాలవానికి సీటు ముందు క్రిందిభాగమున దిగుడు వేగమును తగ్గించు గుండ్రని పిడి ఒకటి ఉండును. ఇది సిలిండరునకును కంట్రోల్ వాల్వునకును నడుమనున్న దారిని ఇరుకుచేయునది; పూర్తిగా బిగించినచో దారి మూసికొనును. పనిముట్టును ఎత్తి, ఈ పిడిని పూర్తిగా బిగించి, ఇంజను ఆపి, దిగుడును మరల కొలువవలెను. చేతులు కదలక నిలిచినచో పిస్టను సీలు నిర్దోషి, దోషము కంట్రోల్ వాల్వుదో ఏకముఖపు వాల్వుదో. మునుపటి వలెనే దిగినచో దోషము పిస్టను సీలుదో, సిలిండరు గోడదో, సిలిండరుకు రక్షణగా నుంచిన చిన్న రిలీఫు వాల్వుదో. ఒక్క పిడిని త్రిప్పుటచే అనుమానితుల సంఖ్య సగమగుచున్నది! కొన్ని నమూనాలలో ఈ పిడి సంపూర్ణముగా మూయదనుటయు, పిడి సీలే కారవచ్చుననుటయు నిజమే; కనుక నిలిచినదన్న ఫలితము దిగినదన్న ఫలితము కంటె నమ్మదగినది. ఈ పిడి లేని యంత్రములలో, పనిముట్టు క్రింద గట్టి మొద్దులు పెట్టి, పై మూతనో ప్రక్క మూతనో తీసి, టార్చిలైటు వెలుగున సిలిండరు తెరచిన నోటివైపు చూడవలెను. పిస్టను అంచునుండి ఆయిలు కారుట కొన్నింట స్పష్టముగా కనబడును. చేయి మాత్రము లోపల పెట్టరాదు.

ఇంజను నడచుచుండగా లిఫ్టు కొద్దికొద్దిగా దిగి, మరల ఎగిరి, ఇట్లు తల ఊపుచుండుట ఈ రోగముయొక్క మరియొక రూపము. కారుడుచే చేతులు దిగగానే సంధాన కడ్డీ ఆ దిగుడును వాల్వునకు తెలుపును. వాల్వు తెరచుకొని పంపు మరల ఎత్తును. ఊపు ఎంత తరచైనచో కారుడు అంత పెద్దది. గడియారము చూచి నిమిషమునకు ఎన్ని ఊపులో లెక్కించిన చాలు, టేపు లేని చోటకూడ కొలత దొరకును.

క్రిందటి యేడు పల్నాటి ప్రాంతమున ఒక షెడ్డులో, కిట్టు మార్చిన మరునాడే తిరిగి వచ్చిన ట్రాక్టరు నొకదానిని చూచితిని. "మేస్త్రీ, నిన్ననే గదయ్యా కిట్టు ఏసింది, ఇయ్యాల మళ్లీ జారిపోతా ఉంది" అని రైతు మొర. "కిట్టు కంపెనీది కాదులే పెద్దాయనా, మంచిది తెప్పిస్తా" అని మేస్త్రీ సమాధానము. పిస్టను బయటికి తీసినప్పుడు ఓరింగు ఒకవైపు అంచు కొరికినట్లుగా చిన్న చిన్న తునకలుగా లేచిపోయి యున్నది. రెండవ అంచు నిన్నటి మెరుపుతోనే ఉన్నది. ఓరింగు వెనుక, అనగా ఒత్తిడి లేని వైపున ఉండవలసిన తెల్లని ఆసరా వలయము ముందువైపున కూర్చుండి యున్నది. ఒత్తిడి వచ్చినంతనే ఆసరా లేని రబ్బరు పిస్టనునకును గోడకును మధ్యనున్న సందులోనికి పొంగి, పిస్టను కదలినప్పుడెల్ల తెగుచు వచ్చినది. కిట్టులో దోషమేమియు లేదు. తీసిన సీలును పారవేయక, చేతిలో త్రిప్పి చూచినచో అదియే తన మరణ కారణమును చెప్పును: అంచు తెగినచో ఆసరా వలయమో, సందు అరుగుదలయో, ఒకవైపు చదునైనచో వేడియు వయస్సును, గీతలు పడినచో ఆయిలులోని మురికి, ఉబ్బి మెత్తబడినచో తగని ద్రవము కలిసినది. పాత సీలును చూడకుండ క్రొత్త సీలు వేయుట సాక్షిని పంపివేసి విచారణ సాగించుట.

ఎత్తుటయే లేదను ఫిర్యాదునకు గేజీ తప్పనిసరి. 250 బార్ల వరకు చూపు గేజీని పరీక్షాద్వారమున బిగించి, లివరును పూర్తిగా ఎత్తి పట్టినప్పుడు, పుస్తకమున చెప్పిన రిలీఫు ఒత్తిడి, అనగా రిలీఫు వాల్వు తెరచుకొను ఒత్తిడి, చేరినచో పంపు మంచిదే. అప్పటికిని చేతులు కదలనిచో బరువు మితిమీరినదో, షాఫ్టు పట్టివేసినదో అయియుండును. ఒత్తిడి చేరనిచో పంపు, రిలీఫు వాల్వు, లోపలి పెద్ద కారుడు అను మూడును మిగులును. లిఫ్టునకు పోవు దారిని మూసి మరల కొలిచినప్పుడు ఒత్తిడి చేరినచో దోషము లిఫ్టులోనే. ఒకే పంపుతో స్టీరింగు కూడ నడచు నమూనాలలో స్టీరింగు బరువెక్కినదా యని అడుగుటయే ఒక పరీక్ష. గేజీ దొరకని చోట ఉష్ణమాపక తుపాకి కొంత తోడ్పడును. 150 బార్ల ఒత్తిడి నుండి ఏ పనియు చేయక సందు గుండ జారిపోయిన ఆయిలు సుమారు 9 డిగ్రీలు వేడెక్కును. కావున లివరు ఎత్తి పట్టిన కొలది క్షణములలోనే ఇరుగుపొరుగు లోహము కంటె ముందుగా వేడెక్కు వాల్వు మీద అనుమానము న్యాయము. ఈ పద్ధతి సూచనయే గాని ప్రమాణము కాదు. పోత ఇనుము వేడిని త్వరగా పంచుకొనును.

తప్పుడు చికిత్సలను గూర్చి కఠినముగానే చెప్పవలెను. చిక్కని గేరు ఆయిలు పోసినచో దిగుడు తగ్గుట నిజమే, కాని అది కొలతను దాచుట. చలికాలపు ఉదయమున అదే ఆయిలు పంపునకు అందక పంపును తినివేయును, తడి బ్రేకులను కీచుమనిపించును. కారుడు మాన్పు మందులని డబ్బాలలో అమ్మునవి రబ్బరును ఉబ్బించి కొన్నాళ్లు కనుమరుగు చేయును; పిదప మెత్తబడిన రబ్బరు మునుపటి కంటె త్వరగా చినుగును. బ్రేకు ఆయిలు కలుపుట అన్నింటికంటె హానికరము, ఏలయన సాధారణ హైడ్రాలిక్ సీళ్ల రబ్బరునకు అది సరిపడదు. వాడి తీసిన ఇంజను ఆయిలు పోయు అలవాటు సందులలో ఇసుక పోయుటతో సమానము.

ఏది రోగము, ఏది స్వభావము అను విషయమున నిపుణులలోను ఏకాభిప్రాయము లేదు. శంకువు వలె కూర్చుండు వాల్వు దాదాపు పూర్తిగా మూయును. జారుడు కడ్డీ వాల్వు మాత్రము కదలుటకు సందు అవసరము గనుక, క్రొత్తదైనను కొంత కారి తీరును. అందుచేత రాత్రి ఎత్తి వదలిన పనిముట్టు తెల్లవారునప్పటికి నేల తాకినంత మాత్రమున లిఫ్టు విప్పరాదని నా దృఢాభిప్రాయము. ఎటులను రాత్రివేళ పనిముట్టును నేలకు దింపియే ఉంచవలెను. ఇంజను ఆపిన కొలది నిమిషములలోనే కంటికి కనబడునట్లు దిగునది, నడచునప్పుడు ఎడతెగక తల ఊపునది, గట్టు దాటునంతలో కొర్రులు నేల గీయునది చికిత్సకు అర్హమైనవి. సీలు ఖరీదు స్వల్పమే; కాని దానిని చేరుటకు సీటును, మడ్‌గార్డులను తీసి, చైన్ పుల్లీతో లిఫ్టు కవరును పైకెత్తి, మరల దింపునప్పుడు సంధాన కడ్డీ తన గుంటలో కూర్చుండెనో లేదో చూచుకొనవలసి యుండును; ఆ కడ్డీ తప్పిపోయి, కారుడు కుదిరినను లిఫ్టు లివరు మాట వినని యంత్రములు కలవు.

ఈ విద్య మన భాషలో లేకపోవుట పెద్ద లోటు. అనంతపురము జిల్లా గార్లదిన్నెలో దక్షిణ ప్రాంతపు వ్యవసాయ యంత్ర శిక్షణ పరీక్షా సంస్థ మనకు చేరువనే కలదు. రైతులకును మెకానిక్కులకును అచట ఇచ్చు శిక్షణలో దిగుడు కొలతయు, పిడి పరీక్షయు, గేజీ వాడుకయు ఒక పూట పాఠముగా నున్నచో మేలు. తయారీదారులు ప్రతి చిన్న ట్రాక్టరునకును సులువుగా అందు పరీక్షాద్వారమును అమర్చి, రిలీఫు ఒత్తిడిని, వేడి ఆయిలుతో అనుమతింపదగు దిగుడును తెలుగు పుస్తకమున అచ్చువేయవలెను. ఈ రెండు సంఖ్యలు తెలియక రైతు చెల్లించు ధర, పుస్తకపు అచ్చు ఖర్చు కంటె ఎంతో ఎక్కువ. అంతవరకు, రైతు సోదరులారా, లిఫ్టు జారుచున్నదని ట్రాక్టరును షెడ్డునకు తోలుటకు ముందు వేడి ఆయిలుతో దిగుడును కొలిచి, పిడి బిగించి మరల కొలిచి, ఆ రెండు వరుసల అంకెలను కాగితముపై వ్రాసి మెకానిక్కు చేతికిండు. వానిని చదువక సీటు బోల్టులపై పానా పెట్టు షెడ్డునకు మీ ట్రాక్టరును అప్పగింపకుడు.